అత్తమ్మ ఎండబెట్టిన విమానం

పోయిన వారం మా దూరపు బంధువుల ఇంట్లో విందుకు తల్లాడ వెళ్లాను. కొత్త పెళ్లికొడుకు సోఫాలో అత్తగారి పక్కనే కూర్చుని, ఫోనులో ఏదో చూపిస్తుంటే ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకసారి అటు చూసి, వెంటనే చూపు తిప్పుకుని, ఎంతో శ్రద్ధగా జిలేబీ తినడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం ముచ్చటేసింది. వెంటనే మా అత్తమ్మ గుర్తొచ్చింది.

మా అత్తమ్మది కూడా తల్లాడే. నాకు పెళ్లయిన ఇరవై ఏళ్ల వరకూ ఆమె నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. కోపం ఉండి కాదు, మర్యాద. నేను గదిలోకి వస్తే ఆమె వంటింట్లోకి వెళ్లేది. నేను వంటింటి వైపు వస్తే పెరట్లోకి వెళ్లేది. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే మైకు వదలని మనిషి, అల్లుడు కనబడగానే తలుపు చాటున నీడయిపోయేది. నాతో చెప్పవలసిందేమైనా ఉంటే మా ఆవిడతో చెప్పించేది. మా ఆవిడ ఇంట్లో లేకపోతే గోడకు చెప్పేది. "గోడా, చాయ్ బల్ల మీద పెట్టిన, చల్లారుతున్నది" అనేది. నేను కూడా అదే గోడకు కృతజ్ఞతలు చెప్పుకుని చాయ్ తాగేవాణ్ని.

నేను అప్పుడు పినపాక దగ్గర కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. షిఫ్టు డ్యూటీ కాబట్టి పగళ్లు చాలావరకు ఖాళీగా ఉండేవి. ఆ ఖాళీలోనే నాకు చెక్క విమానాలు చేసే పిచ్చి పట్టింది. మొదటిది వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలతో చేశాను. అది ఎగరలేదు. నేరుగా పెరట్లో పడి, కాపుకొచ్చిన బెండమొక్కను విరిచింది. ఆ తరవాత బాల్సా అనే చెక్క గురించి తెలిసింది. పట్నం నుంచి తెప్పించుకుంటే డబ్బాలో ఏమీ లేదేమోనని కొరియరతనే అనుమానపడి ఊపి చూశాడు, అంత తేలిక. గోరు నొక్కితే గుర్తు పడుతుంది. బ్లేడుతో కోసి, పక్కటెముకల్లాంటి సన్నని ముక్కలు వరసగా నిలబెట్టి అతికిస్తే రెక్కకు అస్థిపంజరం తయారవుతుంది. దాని మీద పల్చని కాగితం అంటించి, నీళ్లు తుంపరగా చల్లితే, ఆరేటప్పుడు కాగితం బిగుసుకుని డప్పులా మోగుతుంది. ఇదంతా ఒక ఎత్తు, నునుపు చేయడం ఒక ఎత్తు. గరుకు కాగితంతో రుద్దాలి, చెక్క సందులు పూడ్చే సీలర్ పూయాలి, ఆరాక మళ్లీ రుద్దాలి, మళ్లీ పూయాలి. చెయ్యి పోయేదాకా రుద్ది, ఇక చాలనుకున్నాక ఇంకోసారి రుద్దాలి. మా వెనక వరండా అంతా పిండిమరలా తెల్లటి పొడితో నిండి ఉండేది. మా ఆవిడ బడిలో పంతులమ్మ. సాయంత్రం వచ్చి ఆ పొడి చూసి, "ఏందయ్యా ఇది, ఇల్లా మిల్లా?" అని రోజూ అడిగేది. రోజూ అదే ప్రశ్న కాబట్టి జవాబు చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక వానాకాలం అత్తమ్మ మా ఇంటికి వచ్చింది. తల్లాడలో ఆమె ఇంటి పాత కప్పు కురుస్తుంటే, మొత్తం తీసేసి కొత్తది వేయిస్తున్నారు. పని అయ్యేదాకా మా దగ్గరే ఉండాలి. మా ఆవిడ బడికి వెళ్లాక ఇంట్లో మేమిద్దరమే. ఆమె వంటింట్లో, నేను వరండాలో, మధ్యలో గోడ.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి, సగం రుద్ది వదిలేసిన విమానం ఒళ్లు మొత్తం నున్నగా తయారై ఉంది. మా ఆవిణ్ని మెచ్చుకోబోతే, "నాకు పిల్లల పేపర్లు దిద్దనీకే టైం లేదు. మా అమ్మనడుగు" అంది. అడగడమెలా? మరుసటి రోజు తోక ముక్క, గరుకు కాగితం స్టూలు మీద పెట్టి డ్యూటీకి వెళ్లాను. వచ్చేసరికి పని అయిపోయి ఉంది. అప్పటినుంచి మా ఇద్దరికీ అదే సంభాషణ. నేను పెడతాను, ఆమె రుద్దుతుంది. ఒకసారి కిటికీలోంచి చూశాను. ఆమెకు చూపు అంతగా ఆనదు, బొటనవేలితో తడిమి, ఎక్కడైనా గరుకు తగిలితే నాలుక చప్పరించి మళ్లీ రుద్దుతోంది, ఏదో చర్చి పాట కూనిరాగం తీస్తూ. రంగు సంగతి కూడా ఆమే తేల్చింది. "గోడా, ఎర్రరంగైతే చెట్లల్ల పడ్డా కనబడతది" అని వినిపించింది. అడవి అంచున ఉన్న ఊరు మాది. అంతకంటే మంచి సలహా ఎవరిస్తారు? ఎరుపే వేశాను.

వేసిన రంగు ఆరితే కదా! ముసురు పట్టి రోజుల తరబడి వదల్లేదు. ముట్టుకుంటే వేలికి అంటుకునేది. చివరికి ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా ఎండ కాసింది. ఆమె లెక్కలో తడిసిన వస్తువేదైనా ఎండలోకి వెళ్లాల్సిందే. డాబా మీద పాత చీర పరిచి, ఒక పక్క మిరపకాయలు, ఇంకో పక్క వడియాలు, మధ్యలో విమానం పెట్టింది. సాయంత్రానికి ఎడమ రెక్క నూనెలో వేసిన అప్పడంలా మెలితిరిగింది.

నేను వచ్చేసరికి విమానం బల్ల మీద ఉంది. జబ్బు మనిషికి కప్పినట్టు దాని మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంది. మా ఆవిడ ముఖం వాడిపోయి ఉంది.

"అమ్మ బస్సెక్కింది. నువ్వు వచ్చేలోపు పోవాలని పట్టుబట్టింది. ఎంత ఆపినా ఆగలే."

"ఇంటి మీద కప్పు లేదు గదా!"

"అదే చెప్పిన. ప్లాస్టిక్ పట్టా కట్టుకుని పండుకుంటనన్నది. అల్లుడికి మొఖం చూపియ్యనంటున్నది."

ఫోన్ చేశాను. ఎత్తింది. నా గొంతు వినగానే పెట్టేసింది. ఆ రాత్రి మళ్లీ వాన పడుతుంటే మేమిద్దరం సరిగా నిద్రపోలేదు. రెక్క సంగతి నాకసలు గుర్తే లేదు. మోకాళ్ల నొప్పుల మనిషి, ఆ పట్టా కింద ఎలా ఉందోనన్న దిగులే.

తెల్లవారగానే బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, తల్లాడ చేరాను. ఇల్లు గోడలతో మాత్రమే నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆమె లేచి అలవాటు ప్రకారం తలుపు చాటుకు పరిగెత్తింది. అయితే తలుపులు కూడా పీకేశారు. అటూ ఇటూ చూసి, చివరికి ఇటుకల కుప్ప వెనక నిలబడింది. ఆ కుప్ప ఆమె మోకాళ్ల వరకే ఉంది.

"అల్లుడి కష్టమంతా మట్టిపాలు చేసిన. ఏ మొఖం పెట్టుకుని ఆ ఇంట్ల ఉండాలె?" అంది, ఇటుకలతో.

"అత్తమ్మా, ఇటుకలకు కాదు, నాకు చెప్పండి."

ఆమె తలెత్తలేదు. మేస్త్రీ తాపీ ఆపి మరీ వింటున్నాడు.

"రెక్క విరగలే, వంగింది. ఆవిరి పట్టి ఉల్టా తిప్పితే మల్లొస్తది. కానీ ఒక్కన్ని చెయ్యలేను. నేను ఆవిరి చూసుకుంటే మెలి పట్టుకునేటోళ్లు ఒకరు కావాలె. మీ బిడ్డకు ఓపిక లేదని మీకు తెల్వదా?"

ఆమె పెదాల మీద నవ్వు కదిలింది. "అవ్, దానికి చిన్నప్పటి సంది లేదు" అంది. అంటూనే తలెత్తి నన్ను చూసింది. "నిజంగ బాగైతదా, బిడ్డా?"

 తల ఊపాను. ఆమె సంచీ సర్దుకుంది.

తిరుగు బస్సులో నా ముందు సీట్లో కూర్చుంది కానీ, కొత్తగూడెం చేరకముందే వెనక్కి తిరిగి మాట్లాడడం మొదలుపెట్టింది. కాలం చేసిన మా మామయ్యకు సైకిల్ రాదని, నేర్చుకున్నానని చెప్పి ఆమెను ఎక్కించుకుని కాలవలో పడేశాడని, ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడని చెప్పింది. ఇన్నేళ్లూ ఆ మాటలన్నీ ఎక్కడ దాచిందో! కండక్టర్ నవ్వుతున్నాడు. ముందుకు వంగి కూర్చుని నా మెడ నొప్పి పుట్టింది గానీ వినడం మానలేదు.

ఆ సాయంత్రం ఇడ్లీ గిన్నెలో నీళ్లు మరిగించి, రెక్కను ఆవిరి మీద పట్టాను. ఆమె రెండు కొసలూ పట్టుకుని, నేను చెప్పినంత తిప్పి, చల్లారేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంది. మళ్లీ ఆవిరి, మళ్లీ తిప్పడం. రెక్క చాలావరకు దారికొచ్చింది. కాస్త మెలి మాత్రం మొండికేసింది. ఎర్రరంగు అక్కడక్కడ ముడత పడింది. ఆ ముడతలు రుద్ది మళ్లీ పూసే పని ఎవరికీ చెప్పకుండా ఆమే మొదలుపెట్టింది.

పొడి వాతావరణం వచ్చాక సబ్‌స్టేషన్ వెనక బీడులో ఎగరేశాం. అంతకుముందు నేను చేసిన విమానం ఒకటి అక్కడే సూటిగా వెళ్లి టేకు చెట్లలో పడి, ఎంత వెతికినా దొరకలేదు. అందుకని లోపల భయంగానే ఉంది. మా ఆవిడ చేత చెప్పించనక్కర్లేకుండా, "మీరే వదలండి అత్తమ్మా" అని నేనే అడిగాను. "వద్దు బిడ్డా, నువ్వే ఇసురు" అని, విమానం మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. ముందు పంకాను తిప్పే రబ్బరు మెలిపెట్టి బిగించి వదిలాను. లేచింది, పైకెక్కింది, అడవి వైపు సాగింది. మా ఆవిడ "పోయింది, పోయింది!" అని అరిచింది. అప్పుడు ఆ మొండి రెక్క మెల్లగా వాలింది. విమానం ఎడమకు తిరిగి, మా నెత్తి మీదుగా పెద్ద చుట్టు చుట్టి, మా ముందు గడ్డిలో దిగింది. నిజానికి చిన్న మెలి ఉంటే విమానం అలాగే చుట్టు తిరుగుతుంది. ఆ సంగతి నేను చెప్పేలోపే అత్తమ్మ మా ఆవిడ వైపు తిరిగి, "చూసినవా, నేను ఎండబెట్టినందుకే ఇంటికొచ్చింది" అంది. మేం ముగ్గురం గడ్డిలో కూలబడి నవ్వాం.

ఇంటి కప్పు పూర్తయ్యాక ఆమె తల్లాడ వెళ్లిపోయింది. ఇప్పుడు మా ఆవిడకు ఫోన్ చేసి ముందు నన్నే పిలవమంటుంది. "ఏం చేస్తున్నవ్ బిడ్డా, రెక్కలా, తోకనా?" అంటుంది. మా ఆవిడ మూతి తిప్పుకుంటూ ఫోన్ ఇస్తుంది. మాట్లాడకుండా గడిచిన ఇరవై ఏళ్లను తలుచుకుని నేను బాధపడను. కొందరి మధ్య కాలం ముందు మర్యాద నేర్పుతుంది. చనువివ్వడానికి తన తీరిక తను చూసుకుంటుంది.