వెనక బెంచీ వైపు తిప్పిన కెమెరా

ఇరవై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. అంతే.

అప్పన్నా నేనూ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్లం. న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లు. ఒకే కంచంలో తిన్నవాళ్ళం. ఇంగ్లండ్ వెళ్ళిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ రైలు డ్రైవరు తన చిన్న సినిమా కెమెరా, బొమ్మ వేసే ప్రొజెక్టరూ నాకిచ్చి వెళ్ళాడు. అది తెలిసి తెలుగు చర్చి పాస్టరుగారు క్రిస్మస్ ఆరాధన తీసిపెట్టమన్నారు. నేను గుడికి వెళ్ళేవాణ్ణే అయినా సరదాపడి ఒప్పుకున్నాను.

ముందురోజు అప్పన్న నన్ను పక్కకి పిలిచాడు.

“ఒరే, రేపు నేనూ అక్కడుంటాను. ఎనక బెంచీలో. నన్ను తియ్యకురా. మాయమ్మకి తెలిస్తే బతకదు.”

“ఎన్నాళ్ళబట్టి ఎల్తన్నావు?”

“నాలుగేళ్ళు.”

“మరి నాకెందుకు సెప్పనేదు?”

“నీకు సెప్తే ఊరంతటికీ సెప్పినట్టే కదేటి!” అని నవ్వాడు.

నేనూ నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది. ప్రతి ఆదివారం ఝపటాపూర్‌లో మేనమామ ఇంటికని చెప్పి వెళ్ళేవాడు. నన్నింత వెర్రివాణ్ణి చేశాడా? అతని దేవుడు మారినందుకు కాదు నా కోపం. పాస్టరుకి తెలుసు, పాస్టరు భార్యకి తెలుసు, నాకొక్కడికే తెలియదు.

మర్నాడు చర్చిలో అందరూ చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. ఆ కెమెరాకి పాట వినబడదు, మనుషులే పడతారు. లోపలంతా చీకటి. తలుపు పక్కన, వెనక బెంచీ మీద మాత్రం ఎండ పడుతోంది. అప్పన్న కళ్ళు మూసుకుని, చేతులెత్తి పాడుతున్నాడు. చెంపల మీద కన్నీళ్ళు. నా దగ్గర ఎన్నడూ అతన్ని అంత సంతోషంగా చూడలేదు. కెమెరాకి కీ ఇచ్చి అటు తిప్పాను. కీ అయిపోయేదాకా తీశాను.

రీలు బొంబాయిలో కడిగించి తెప్పించడానికి నెల పట్టింది. నెల రోజులు! మనసు మార్చుకోవడానికి అంత వ్యవధి ఎవరికి దొరుకుతుంది? వచ్చాకైనా ఆ ముక్కని బ్లేడుతో కోసి పారేయడానికి ఎంతసేపు? నేనేం చేశానో తెలుసా? అప్పన్న సాయంత్రం డ్యూటీలో ఉన్న రోజు చూసి, చర్చి ఆవరణలో దుప్పటి కట్టి బొమ్మ వేశాను. అతని తల్లిని “రా పిన్నీ” అని నేనే తీసుకెళ్ళి ముందు కూర్చోబెట్టాను.

ఆవిడ మధ్యలో లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ కొడుకు చేతి మంచినీళ్ళు ముట్టలేదు. రెండు నెలలకి అతను బదిలీ పెట్టుకున్నాడు. తర్వాత ఆవిడ పోతే అన్నలు అతనికి కబురైనా పంపలేదు.

వెలుతురు అక్కడే ఉందని, అతను బొమ్మలో పడిన సంగతి నేను చూసుకోలేదని అప్పన్నతో చెప్పాను. నమ్మాడు. వెళ్ళేరోజు స్టేషన్లో నా భుజం మీద చెయ్యి వేసి, నా తప్పేమీ లేదని నన్నే ఓదార్చి రైలెక్కాడు.

తెలియక చేసినవాణ్ణి క్షమించి వెళ్ళాడు. నన్ను కాదు. ఇది రాస్తుంటే చాన్నాళ్ళకి ఊపిరి తిన్నగా ఆడుతోంది. అప్పన్న నాకు కనబడుతూనే ఉన్నాడు. చూసే తీశాను.