హెంక్ ఊరి బొడ్రాయి

మా కంపెనీ డ్రైవర్ లస్మయ్యకు ఖతార్ సంగతులు పెద్దగా పట్టవు గానీ, హాలెండ్‌లోని ఒక పల్లెటూరి గురించి అడిగితే ఇంటింటి వివరం చెప్తాడు. ఆ ఊరు మా సూపర్‌వైజర్ హెంక్‌ది. పొద్దున్నే లస్మయ్య ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో నన్ను ఎక్కించుకుంటాడు; అప్పటికే హెంక్ కారులో ఉంటాడు. మెసయీద్ గ్యాస్ ప్లాంటు చేరేలోపు హెంక్ ఇంగ్లీషులో చెబుతుంటాడు, లస్మయ్య తెలుగులో అడుగుతుంటాడు. స్టోర్స్ గుమాస్తా కామేశ్వరరావు, అంటే నేను, జీతం లేని దుబాసీని.

ఆ ఊరు సముద్రం దగ్గర మట్టిదిబ్బ మీద ఉంది. కరకట్టలు లేని కాలంలో పోటు వచ్చినప్పుడల్లా చుట్టూ నీళ్లే. అందుకని తరతరాలుగా బంకమట్టీ పేడా పోసి నేలను ఎత్తు చేసుకున్నారు. దిబ్బ నెత్తిన చర్చి, చుట్టూ గుండ్రంగా ఇళ్లు, వాటి వెనక కాలువ. కట్ట కట్టాక సముద్రం వెనక్కి పోయి పొలాలు మిగిలాయి.

"చర్చి నడిమిట్ల ఉన్నదంటే గదే బొడ్రాయి," అని లస్మయ్య తేల్చేశాడు. ఊరు కట్టుకున్నప్పుడు నడిబొడ్డున పాతే రాయిని వాళ్లవైపు బొడ్రాయి అంటారు. "సారు ఇల్లు దానికి ఏ దిక్కున్నదో అడుగు."

"ఉత్తరం," అన్నాడు హెంక్.

లస్మయ్య సొంతూరు మానేరు డ్యామ్‌లో మునిగిపోయింది. ఊరివాళ్లకిచ్చిన కొత్త కాలనీలో ఇన్నాళ్లకు బొడ్రాయి నిలబెడుతున్నారని భార్య బాలవ్వ ఫోన్ చేసింది. ఇంటికొక బిందె నీళ్లు రాయి మీద పోయాలి. లస్మయ్య సెలవడిగాడు. ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పనులున్నాయి, కుదరదన్నాడు హెంక్. రాయి ఎక్కడికీ పోదుగా, తర్వాత చూసుకోమన్నాడు. ఆ మాట తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను.

"ఆనాడు లేనోడు గా ఊరోడు ఎట్లయితడు రావు సారూ? ఉన్న ఊరు పాయె. గిది గూడ పోవాల్నా?" అన్నాడు లస్మయ్య. తర్వాత కొన్నాళ్లు హెంక్ ఊరి సంగతులు అడగడం మానేశాడు. నాకూ హెంక్ మీద ఒళ్లు మండింది.

చివరికి హెంకే నోరు విప్పాడు. వాళ్ల ఊరి కింద కూడా గ్యాస్ ఉందట. ఏళ్ల తరబడి తోడేసరికి నేల కుంగింది, అదిరింది, గోడలు బీటలువారాయి. సముద్రానికి లొంగని వాళ్ల ఇంటిని నిరుడు కూల్చేశారు.

"నేనప్పుడు ఇక్కడ డ్యూటీలో ఉన్నాను. అక్క ఫోన్లో చూపించింది," అన్నాడు.

నేను ఆ మాట తెలుగులో చెప్పాక లస్మయ్య అద్దంలోంచి అతణ్ని చూశాడు. ప్లాంటు గేటు దగ్గర దిగుతూ హెంక్ నాతో, "అతన్ని వెళ్లమను. కారు నేను నడుపుకుంటాను," అన్నాడు.

లస్మయ్య వెళ్లొచ్చాడు. మొదటి రోజే కారులో మొదలుపెట్టాడు.

"సారుకు చెప్పు రావు సారూ. మా బాలవ్వ రెండు బిందెలు పోసింది. ఒకటి మా ఇంటిది. రెండోది ఎవలింటిదని పూజ జేసే అయ్యగారు అడిగిండు. హెంక్ సారు ఇంటిది, ఆళ్లది గూడ పోయింది అన్నది."

బిందె ఎందుకు పోస్తారో కూడా కలిపి హెంక్‌కు ఇంగ్లీషులో చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"మా ఇల్లు రాయికి ఏ వైపు?" అని అడిగాడు హెంక్.

"ఉత్తరమే," అన్నాడు లస్మయ్య. "మా ఇంటి పక్కపొంటి."