బోర్లించిన చెంబు

నాకు అక్షరాలు నలభై ఏళ్లు దాటాక వచ్చాయి. అంతకుముందు మా ఊరి సంగతులన్నీ నాకు ఒక ఇత్తడి చెంబే చెప్పేది.

గాజువాక అవతల, సముద్రం వైపు ఉండేది మా ఊరు. అమ్మవారి గుడికి పూజారి లేడు. పెంకుల కప్పు కింద పసుపు రాసిన రాయి, దాని ముందు ఒక ప్రమిద, అంతే. సాయంత్రం దీపం పెట్టడం ఇంటికొక రోజు వంతు. దీపం పెట్టినవాళ్లు మర్నాడు పొద్దున్నే ఖాళీ చెంబు పక్కింటి అరుగు మీద పెడితే, ఆ ఇంటివాళ్లు తమ నూనె పోసుకుని గుడికి వెళ్లాలి. ఇంట్లో మైల ఉంటే నోటితో చెప్పనక్కర్లేదు. చెంబు బోర్లిస్తే చాలు. తర్వాతి ఇంటివాళ్లు దాన్ని చింతపండుతో తోముకుని ఆ వంతు కూడా తామే చూసుకునేవారు. "వంతు తప్పితే ఊరు తప్పినట్టే" అనేది మా అత్త.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చెంబు నెలన్నరకి ఒకసారి మా అరుగెక్కేది. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకుని ఒక్కో ఇల్లూ ఖాళీ చేయిస్తుంటే, ఇరవై రోజులకి, పది రోజులకి, నాలుగు రోజులకి రావడం మొదలైంది. అత్త పోయింది. చివరికి మిగిలినవి రెండే ఇళ్లు, మాదీ పక్కింటి వదినదీ. మాకు మాటల్లేవు. పరిహారం లెక్కకి సర్వేవాళ్లు వచ్చినప్పుడు, రెండు పెరళ్ల గట్టు మీదున్న జీడిచెట్టును వదినవాళ్లు తమ పేరున రాయించుకున్నారు. ఆ రోజు నుంచి నేను అటు చూడటమే మానేశాను. చెంబు మాత్రం రోజు మార్చి రోజు ఇద్దరి మధ్యా తిరిగేది.

ఒకసారి నేను పెట్టి వచ్చిన చెంబు మధ్యాహ్నానికి ఆమె అరుగు మీద బోర్లించి ఉంది. బయట చేరిందనుకుని తెచ్చుకుని తోమి, దీపం పెట్టాను. మర్నాడు పెడితే మళ్లీ బోర్లించింది. మూడు రోజులు గడిచాయి, అయిదు గడిచాయి. ఆరో రోజు చెంబు ఆ అరుగు మీద ఠంగుమని కొట్టి, మా కోళ్లతో అన్నట్టుగా గట్టిగా అన్నాను.

"అమ్మోరికి దీపమెట్టడానికి సేతులు రావు గానీ, ఊరోల సెట్లు రాయించుకోడానికైతే బాగా ఒస్తాయి!"

ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. పన్నెండో రోజు వాళ్ల సామాను లారీ ఎక్కింది. నేను తలుపు తీయలేదు. తీసేసరికి మా అరుగు మీద చెంబు తళతళా మెరుస్తూ ఉంది. దాన్నిండా, అంచు దాకా, నూనె. తప్పు తెలిసొచ్చి ఇచ్చిందనుకున్నాను.

ఆ నూనె అయిపోయాక కొద్ది రోజులకి మేమూ కదిలాం. రాయిని కొత్త కాలనీకి తీసుకొచ్చి గుడి కట్టారు. సిమెంటు మెట్లు, జీతం మీద పూజారి, ఆరని కరెంటు బల్బు. ఏడాదికోసారి చందా ఇస్తే మా బాధ్యత తీరిపోతుంది. ఎవరింటికీ వంతు రాదు. కానీ పాత గుడిలో ఆఖరి దీపం నాది. తర్వాతి వంతు ఆమెది. ఆ మాట రెండేళ్లు నాలో మెదులుతూనే ఉంది. ఒక రోజు చెంబు సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి వాళ్ల కాలనీకి వెళ్లాను.

గుమ్మంలో నన్ను చూసి నవ్వింది. "ఏటొదినా, జీడిపిక్కలేటైనా తెచ్చినావేటి?"

నేను చెంబు తీసి ఇచ్చాను. "నీ వంతు."

దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వన్నవన్నీ ఇన్నాను వొదినా. నెగవనేక పడుకునుండిపోనాను. కడుపు అయిదో నెల్లో పోయింది. ఆడగుంట."

"ఒక్క మాట సెప్పుంటే..." అన్నాను.

"సెంబు బోర్లించేను కదా," అంది.

కోపంగా అనలేదు. వాకిట్లో సందె పడుతోంది. మా ఊళ్లో అయితే దీపం వేళ.

"ఇప్పుడు నన్ను దీపం ఎక్కడెట్టమంటావు?" అని లేచి, చెంబు తెచ్చి అరుగు చివర బోర్లించింది. మైల లేని ఇంట్లో చెంబు బోర్లించడం నేను చూడటం అదే మొదలు. బోర్లిస్తే వంతు పక్కింటిది. ఆమెకి పక్కిల్లు ఇప్పటికీ నాదే.

చెంబు తీసి మళ్లీ సంచిలో వేసుకున్నాను. ఇంటికి వచ్చి అలవాటుగా చింతపండు నానబెట్టి చెంబు తోమాను. నూనె డబ్బా మూత తీశాక, ఆ నూనె పోసుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియక అక్కడే కూర్చుండిపోయాను.