నా పరిచయంలో లేని సాంచాలు

ప్రశ్నలూ జవాబులూ రాసుకునే ఒక తెలుగు వెబ్‌సైట్‌లో చేరి నాకు మూడేళ్లయింది. ఎవరో ఒకరు ప్రశ్న వేస్తారు. తెలిసినవాళ్లు జవాబు రాస్తారు, తెలియనివాళ్లు ఇంకా పొడుగ్గా రాస్తారు. అక్కడ ప్రతి ఒక్కరికీ ఒక ప్రొఫైల్ పేజీ ఉంటుంది. పైన ఫోటో, కింద పరిచయం, ఆ కింద మనం రాసినవన్నీ వరసగా. ఏ జవాబు రాసినా మన పేరు పక్కన ఆ పరిచయంలోంచి ఒక్క లైను కనిపిస్తుంది. ఆ ఒక్క లైను కోసం మనుషులు పడే పాట్లు చూస్తే పెళ్లిచూపులే నయమనిపిస్తుంది.

ఒకాయన తన పేరు పక్కన ఏడు డిగ్రీలు రాసుకున్నాడు. ఆయన ఇప్పటిదాకా రాసిన జవాబు ఒక్కటే, అదీ పులిహోర గురించి. ఒకామె "నన్ను నేను వెతుక్కుంటున్నాను" అని రాసి, ఎవరికీ దొరక్కుండా ఫోటో బదులు గులాబీ పెట్టింది. ఇంకొకాయన కొండగట్టు అంజన్న బొమ్మ పెట్టుకుని, అంజన్న చూస్తుండగానే రోజూ ఎవరో ఒకరిని తిడుతుంటాడు. వీళ్లందరినీ చూసి నేను బాగా నవ్వాను. ఇక నా పేజీ సంగతి.

నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. మొదట ఆ ముక్కే రాశాను. ఆరు నెలలు గడిచినా, నా జవాబులు చదివినవాళ్లంతా ఒక్క ఆటోలో పట్టేవాళ్లు. మా కాలేజీ ఫిజిక్స్ సారుకూ అదే సైట్‌లో పేజీ ఉంది. అందులో ఆయన "విశ్వరహస్యాల అన్వేషి". స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ డబ్బా మూత తీయడానికి తంటాలు పడుతూ నాకు సలహా ఇచ్చాడు.

"లెక్చరర్ అంటే ఎవలు సూస్తరు మేడం? గల్లీకి నలుగురున్నరు. జర మట్టి వాసన రావాలె. మీరు నేతోల్లు గదా, గది రాయుండ్రి."

ఆ సాయంత్రమే రాశాను: "చేనేత కుటుంబం బిడ్డను. మగ్గం చప్పుడే నా జోలపాట."

మాది సిరిసిల్ల. ఇంట్లో నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు ముప్పై ఏళ్లు నడిపింది మరమగ్గాలు. మా దగ్గర వాటిని సాంచాలు అంటారు. కరెంటుతో నడిచే ఇనుప సాంచాలు నాలుగు, మా వంటింటి గోడకు అవతలే, రేకుల షెడ్డులో ఇప్పటికీ ఉన్నాయి. ఆ చప్పుడుకు జోలపాట అని పేరు పెట్టాలంటే గుండె ధైర్యం కావాలి. దాంతో బాపుకు చెవులు చాలావరకు పోయాయి. ఇంట్లో అందరం అరిచే మాట్లాడుకుంటాం. అవ్వ ఉప్పు డబ్బా అడిగితే కొత్తగా వచ్చిన చుట్టాలు కొట్లాట అనుకునేవాళ్లు. చేతిమగ్గం మా తాతకుండేది. నేను పుట్టకముందే దాన్ని విరగ్గొట్టి, ఆ కట్టెలతో బాపు పెళ్లికి అన్నాలు వండారట. అంటే నా పరిచయంలోని నిజం ఎప్పుడో పొయ్యిలో కాలిపోయింది.

అయినా జనం వచ్చారు. రంగుల అద్దకం గురించీ, గుంట మగ్గం గురించీ అడిగారు. పొద్దున ఎక్కడో చదివింది సాయంత్రం పుట్టుకతో వచ్చిన విద్యలాగా రాసేశాను. "మీ చేతులకు దండం" అని ఒకరు రాశారు. నా చేతులకు ఉండేది సుద్దపొడి. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. కానీ నిజం చెప్పాలి, ఆ దండాలు నాకు నచ్చాయి. చాలా నచ్చాయి.

ఒకరోజు ఒక పాఠకురాలు అడిగింది: "మీ నాన్నగారు మగ్గం మీద కూర్చున్న ఫోటో మీ పేజీలో పెట్టండి." కింద ఇరవైమంది "అవును, పెట్టండి" అన్నారు. ఒకాయన మాత్రం "అసలు మగ్గం ఉందా?" అన్నాడు. ఫోటో పెట్టకపోతే దండాలు పెట్టినవాళ్లే రాళ్లు వేస్తారు.

ఆదివారం బస్సెక్కి ఇంటికి వెళ్లాను. "బాపూ! ఒక్క ఫోటో దిగాలె! నా పేజీల వెడ్త!" అని అరిచాను. బాపు ఎంత సంబరపడ్డాడో. తెల్లంగీ తొడుక్కున్నాడు, మీసం దువ్వుకున్నాడు, గోడకున్న షెడ్డు తాళంచెవి తీసుకున్నాడు.

"షెడ్డుకు కాదు బాపూ," అన్నాను.

తాళంచెవిని మళ్లీ మేకుకు తగిలించి నా వెంట వచ్చాడు.

పాత చేనేత సంఘం ఇంట్లో ఇంకా రెండు గుంట మగ్గాలున్నాయి. అక్కడ నేసే ముసలాయన బాపుకు వరసకు బావ. "ఏంది బావా, గీ వయసుల కొత్త కొలువా?" అన్నాడు. బాపుకు వినపడలేదు గానీ మర్యాదకు నవ్వాడు. మేమిద్దరం చెరో రెక్క పట్టి ఆయన కాళ్లను గుంటలోకి దింపాం. బాపు తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అటూ ఇటూ దారం మోసే నాడె ఎగిరొచ్చి నా చెప్పుల దగ్గర పడింది.

"మెల్లగ బావా! గిది కరెంటుది కాదు!"

బాపు రెండోసారి లాగాడు, మళ్లీ లాగాడు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి గట్టిగా అడిగాడు: "గిది నడుస్తాందా, ఆగిందా?"

మేం పగలబడి నవ్వాం, ఆయనా నవ్వాడు, అప్పుడే ఫోటో తీశాను. ఫోటో దివ్యంగా వచ్చింది. తెల్ల మీసం, నల్లబడ్డ కట్టె మగ్గం, కిటికీ వెలుతురు. చూసినవాళ్లెవరైనా దండం పెట్టాల్సిందే.

ఇంటికొచ్చి చాయ్ తాగుతుంటే బాపు చెయ్యి చాపాడు. "ఏడ వెడ్తవ్? సూపియ్యి."

ఫోన్ ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, పేపరు చదివినట్టే పైకి చదివాడు. "చేనేత కుటుంబం బిడ్డను." కింద నా జవాబులు కూడా ఒక్కటి వదలకుండా చదివాడు. అవ్వ రెండోసారి చాయ్ పెట్టింది.

"మంచిగ రాసినవ్ బిడ్డా," అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చి, "గిండ్ల మా బాపు ఉన్నడు. నువ్వున్నవ్. మరి నేనేడున్న?"

బాపు అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

నన్ను చదివించింది ఆ నాలుగు సాంచాలే. తొంభైమంది పిల్లల క్లాసులో మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినపడే గొంతును నాకిచ్చిందీ అవే. ఆ గొంతుతోనే బతుకుతున్నాను. పేజీలో మాత్రం పెళ్లి పొయ్యిలో కాలిన మగ్గాన్ని రాసుకున్నాను.

అక్కడే కూర్చుని లైను మార్చాను: "సిరిసిల్లలో సాంచాలు నడిపినాయన బిడ్డను. గట్టిగా మాట్లాడతాను." పాత జవాబుల కింద కూడా, బాపు చెవులతో సహా, అసలు సంగతి రాశాను. తర్వాత బాపు షెడ్డు తెరిచి సాంచాలు నడిపిస్తే ఫోటో తీశాను. నేల అదిరి ఫోటో అలుక్కుపోయింది. అదే పెట్టాను.

సగంమంది వెళ్లిపోయారు. అన్వేషి సారు "బ్రాండు ఖరాబు చేసుకున్నరు మేడం" అని నిజంగానే బాధపడ్డాడు. కొన్ని వారాలకు ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది: "చెవులు వినపడకపోతే, దారం తెగిన సంగతి ఎలా తెలుస్తుంది?"

మళ్లీ ఆదివారం వెళ్లి బాపు చెవి దగ్గర అరిచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, నడుస్తున్న సాంచా మీద పెట్టించాడు.

"గిట్ల వెట్టుకోని నిలవడాలె. దారం తెగితే దెబ్బ మారుతది. చేతికే తెలుస్తది. నాకు వినవడదు గని, తెలుస్తది."

ఆ మాటలనే ఉన్నదున్నట్టు జవాబుగా రాశాను. ఇప్పటికి తొమ్మిదిమంది చదివారు. అందులో బాపు ఒకడు. ఎన్నిసార్లు చదివినవ్ బాపూ అని అడిగితే, వినపడనట్టు కూర్చున్నాడు.