తేలికైన సైకిలు, ఎక్కలేని మెట్ట

షాలేమ్ రాజు సైకిలు బరువెక్కింది. ఇంట్లోనూ, పనిలోనూ, ఎవరు అడిగినా అడగకపోయినా అతను చెప్పుకొచ్చిన మాట అదే.

పలాసకు తూర్పున, జీడి, కొబ్బరి తోటల మధ్య అతని ఊరు. పొద్దున్నే సైకిలెక్కి పలాసలో జీడిపిక్కలు కాల్చే పనికి పోవడం, పొద్దుగూకే వేళకు తిరిగి రావడం ఏళ్ల నాటి అలవాటు. అది మామూలు సైకిలు కాదు. బరంపురంలో పాతది చూసి కొన్న వంపు హ్యాండిల్ రేసు బండి. క్రిస్మస్ మర్నాడు బాప్టిస్టు సంఘం వాళ్లు పెట్టే పందెంలో ఆ బండి వెనక దుమ్ము తినని మగాడు చుట్టుపక్కల లేడు. 2002 పందెంలో మాత్రం రాజు ఊరి ముందున్న మెట్ట దగ్గరే దిగిపోయాడు. పెద్ద మెట్టేం కాదు, బండెడ్లు ఆగకుండా ఎక్కేస్తాయి. కానీ అతని తొడలు బిగుసుకుపోయాయి, ఊపిరి అందలేదు. బండి లాగలేదన్నాడు.

ఆ మాట చాటున ఇంకో మాట ఉంది. దాన్ని ఆ ఊళ్లో ఎవరూ పైకి అనరు. కిడ్నీ జబ్బు. కల్లు ముట్టని వాళ్లు, చుట్ట కాల్చని వాళ్లు, తోటలో పుట్టి తోటలో పెరిగిన వాళ్లు కాళ్లు వాచి చనిపోతున్నారు. నీళ్ల వల్లో, మందుల వల్లో, మరి దేని వల్లో చెప్పే నాథుడు లేడు. కారణం కనుక్కుంటామని సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లిన పెద్దమనుషులు ఏం తేలిందో చెప్పడానికి మళ్లీ రాలేదు. చెప్పాల్సిన వాళ్లు నోరు మూసుకుంటే ఊరు తన శాస్త్రం తానే రాసుకుంటుంది. రక్తపరీక్షకని నడిచి వెళ్లిన వాళ్లను కొన్నాళ్లకే మోసుకెళ్లారు కదా, అంచేత రక్తం ఇచ్చినవాడు బతకడని ఊరంతా నమ్మింది. రాజూ నమ్మాడు.

అందుకని సైకిలు మీద పడ్డాడు.

ముందు స్టాండు తీసేశాడు. తర్వాత మడ్‌గార్డులు, చైను కవరు, డైనమో లైటు. పెళ్లాం మిరియంని కూర్చోబెట్టుకోవడానికి తానే బిగించిన కారేజీ కూడా ఊడదీశాడు. ఆ వారం మెట్ట ఎక్కగలిగాడు. హమ్మయ్య అనుకున్నాడు. పై వారం మళ్లీ మధ్యలోనే ఆగిపోయాడు.

కాశీబుగ్గలో సైకిలు షాపు కూర్మనాథం అతనికి పాత స్నేహితుడు. ఎక్కడ పడితే అక్కడ ఇనుము తీస్తే లాభం లేదని, చక్రం అంచున తగ్గిన బరువే కాలికి ముందు తెలుస్తుందని చెప్పి, ఇనుప రిమ్ములు తీసి అల్యూమినియంవి వేశాడు. సన్న టైర్లు ఎక్కించాడు. జీడితోటల దారిలో ముళ్లకు అవి ఆగవని ముందే హెచ్చరించాడు కూడా. తర్వాత హ్యాండిలు, సీటు కింద గొట్టం, పెడళ్లు, ఒక్కొక్కటీ అల్యూమినియం అయ్యాయి. మార్చిన ప్రతిసారీ రాజు మెట్ట దాకా ధైర్యంగా పోయేవాడు. అక్కడ మళ్లీ గుండె దడ. రాత్రి కాళ్ల పీకుడుకి మందుల షాపులో నొప్పి బిళ్లలు తెచ్చుకుని వేసుకునేవాడు. పొద్దున లేచేసరికి చెప్పు పట్టీ పాదానికి పట్టేది కాదు. చెప్పు బిగుసుకుపోయిందనేవాడు.

ఓ రోజు ముందు బ్రేకు కూడా తీసెయ్యమన్నాడు. కూర్మనాథం పానా కింద పెట్టేశాడు.

"బ్రేకు తీసీమంతావేటి? ఇంక తీడానికి నీ పేనమొకటే మిగిలింది రాజూ. అది నా షాపులో తియ్యను."

రాజు ఇంటికొచ్చి తానే తీసేసుకున్నాడు.

మిరియం అన్నీ చూస్తూనే ఉంది. ఎదురింటి దాలమ్మ మొగుడికీ ఇలాగే మొదలైంది. పొద్దున్నే ఉబ్బిన కళ్లు, అన్నం చూస్తే వికారం. అడిగితే రాజు కసిరేవాడు. అందుకని అడగడం మాని, అతను నిద్రపోతుంటే పాదం మీద వేలితో నొక్కి, సొట్ట ఎంతసేపటికి నిండుతుందో చూసేది.

ఆదివారం ఆరాధన పక్క ఊళ్లో. కారేజీ లేదు గనక ఆమె నడుస్తోంది, రాజు పక్కనే మెల్లగా తొక్కుతున్నాడు. మెట్ట మొదట్లోనే దిగిపోయాడు. మిరియం అతని చేతిలోంచి సైకిలు తీసుకుని ఎక్కుడు మీదికి నడిపించింది. ఒంటి చేత్తో, ఆపకుండా. పైకి చేరి వెనక్కి చూసింది. రాజు ఖాళీ చేతులతో సగం ఎత్తులో మోకాళ్ల మీద వంగి నిలబడిపోయాడు.

ఆమె సైకిలు జీడిచెట్టుకి చేరవేసి కిందికి వచ్చింది.

"ఇప్పుడు నీ సేతిలో బండి లేదు మావా. ఇంక దేన్ని తిడతావు?"

అతను దారి పక్కన కూలబడ్డాడు. "రగతం ఇత్తే తేలిపోద్ది మిరియం."

"తేలకపోతే తగ్గిపోద్దేటి?"

పలాసలోనో సోంపేటలోనో అయితే తెలిసినవాళ్లు చూస్తారు. ఊళ్లో గుప్పుమంటుంది. అంచేత టెక్కలి ఆసుపత్రికి పోదామన్నాడు. బంధువుల పెళ్లిచూపులని చెప్పి బస్సెక్కారు.

టెక్కలిలో రక్తం తీసే గది ముందు బల్ల మీద అతని ఊరు కూర్చుని ఉంది. కొబ్బరికాయలు దింపే పెంటయ్య రావివలస ఎండల మల్లన్న దర్శనానికని చెప్పి వచ్చాడు. పక్క వీధి ధనలక్ష్మి చెల్లెలింటికని వచ్చింది. ఎవరూ చూడని చోటని అందరూ ఎంచుకున్నది ఆ బల్లనే.

ముందు పెంటయ్యే తలెత్తి అన్నాడు. "ఏటి రాజు బావా, మీ సర్చి టెక్కలికొచ్చీసినాదేటి?"

"మీ మల్లన్న సూది పుచ్చుకోని కూకున్నాడని తెలిసి వచ్చినాం" అన్నాడు రాజు. ధనలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో మిరియంకి తెలియలేదు. పెంటయ్య జరిగి చోటిచ్చాడు.

సాయంత్రం డాక్టరు రాజుకి చెప్పాడు. జబ్బు ఉంది, చివరిదాకా పోలేదు. నొప్పి బిళ్లలు ముట్టొద్దు, నెలనెలా రావాలి. ఎందుకొచ్చిందని రాజు అడిగితే, తెలిస్తే ముందు మీకే చెబుదునన్నాడు.

తిరుగు బస్సులో ధనలక్ష్మి భయపడింది. అందరూ ఒకేసారి దిగితే ఊరు పసిగడుతుంది, తను ఒక స్టాపు ముందే దిగి నడిచొస్తానంది. తీరా ఆ స్టాపులో ఒక్కతే దిగడానికి ఆమెకి మనసొప్పలేదు. ఊళ్లో బస్సు ఆగితే ముందు రాజే దిగాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్న సన్యాసయ్య పెళ్లిచూపులు ఏమయ్యాయని అడిగాడు. కొట్టు ముందున్నవాళ్లంతా ఇటు తిరిగారు.

"పెల్లిసూపులు కాదు. టెక్కలాసుపత్రిలో రగతం ఇచ్చి వత్తన్నాను. నాకు కిడ్నీ జబ్బున్నాది" అన్నాడు.

వెనక బస్సు మెట్టు మీద ధనలక్ష్మి ఒక్క క్షణం ఆగి, తర్వాత అందరూ చూస్తుండగానే దిగింది.