మా సముద్రానికి అమ్మవారు పోసినప్పుడు

గద్వాలలో సముద్రం ఎక్కడుందని ఎవరైనా అడిగితే మా ఇంటికి రమ్మంటాను. వేళాకోళం కాదు. మగ్గాల గది దాటి లోపలికి వస్తే గోడవారగా నాలుగడుగుల గాజు తొట్టి ఉంటుంది. అందులో ఉన్నవి కృష్ణ నీళ్ళు కావు, బోరు నీళ్ళు కావు. ఉప్పు నీళ్ళు, నా చేత్తో కలిపినవి. అడుగున రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు. పగడమంటే మెడలో దండ అనుకునేవాళ్ళకు, అది ప్రాణమున్న జీవమని, వెలుగు పడితే పువ్వులా విచ్చుకుంటుందని చూపిస్తాను. వాళ్ళు నోరు తెరిచి నిలబడితే నాకు కడుపు నిండిపోతుంది. గర్వమా అంటే గర్వమే, దాచుకునేదేముంది?

అసలు సముద్రాన్ని నేను ఇంతవరకూ చూడలేదు. చీరలు నేసే ఇల్లు మాది. హైదరాబాదులో మేం చీరలిచ్చే దుకాణంలో ఇలాంటి తొట్టి ఒకటుండేది. చీరలు ఇచ్చేసి మా ఆయన టీ తాగడానికి పోతే, నేను దాని ముందు నుంచి కదిలేదాన్ని కాదు. ఒక ఏడు ఆ దుకాణం మారుస్తూ, తొట్టిని ఏం చేయాలో తెలియక యజమాని తల పట్టుకుంటే, "నాకియ్యండి సేటూ, నేను సాకుత" అని అడిగేశాను. మా ఆయన బిత్తరపోయాడు.

"మగ్గం పెట్టుకునే జాగల మడుగు పెడ్తవా?" అన్నాడు.

"పెడ్త," అన్నాను.

మా అత్తమ్మ ఇంకో రకం. శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్లు తెప్పించి, డ్రమ్ములో పోసి, అందులో సముద్రపు ఉప్పు పొట్లాలు కలుపుతుంటే నెత్తి కొట్టుకుంది. "మంచిగ తాగే నీళ్ళల్ల ఉప్పు పోస్తవేందే పిల్లా, పిచ్చి గిట్ల లేసిందా?" అని మూడు రోజులు సణిగింది. నాలుగో రోజు కుర్చీ తెచ్చుకుని తొట్టి ముందు కూర్చుంది. ఆ తర్వాత కండెలు చుట్టడానికి రాట్నం కూడా అక్కడికే మార్చింది.

పాలమూరు ఎండల్లో ఆ నీళ్ళను చల్లగా ఉంచడం ఎంత కష్టమో ఎవరికి చెప్పినా అర్థం కాదు. నీళ్ళ మీదికి రెండు ఫ్యాన్లు తిప్పేదాన్ని. కరెంటు పోతే సీసాల్లో గడ్డకట్టించిన ఐసు వేలాడదీసేదాన్ని. రెండు వేసవులు గట్టెక్కించాను. నా దగ్గర ఆరు చేపలుండేవి, ఒక చారల రొయ్య ఉండేది. ఆరింటిలోకీ అత్తమ్మకు ఒకటే ముద్దు. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్ల పట్టీలున్న చిన్న చేప. "ఒళ్ళొక రంగు, అంచొక రంగు. దీన్ని మన గద్వాల మగ్గం మీదనే నేసిండ్రు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆమె కుర్చీలో కూర్చోగానే అది గాజు దగ్గరికి వచ్చేది. నేను పిలిస్తే రాదు. నాకు కోపంగా కూడా ఉండేది, ఉప్పు కలిపేది నేనైతే స్నేహం ఆమెతోనా అని.

ఇక తప్పు సంగతి. మామిడికాయల కాలంలో కొల్లాపూర్ నుంచి మా అన్నా వదినా గంపతో వస్తామన్నారు. మా వదిన ఏది చూపించినా "ఇంతేనా" అని పెదవి విరిచే మనిషి. ఈసారి ఆ పెదవి విరవకుండా చేయాలనుకున్నాను. హైదరాబాదు పోయి నీలం రంగు చేపను ఒకదాన్ని తెచ్చాను. అరచేయంత ఉంది, నీలం అంటే అట్లాంటి ఇట్లాంటి నీలం కాదు. కొత్త చేపను నెల రోజులు వేరే తొట్టిలో ఉంచి, ఏ రోగమూ లేదని తేలాకే పాతవాటితో కలపాలి. ఇది నాకు తెలుసు. తెలిసే, వాళ్ళొచ్చే ముందురోజు తిన్నగా తీసుకుపోయి తొట్టిలో వదిలాను. వదిన చూసింది. "అబ్బ, మస్తుంది వదినే" అంది. ఆ ఒక్క మాటకు నేను తేలిపోయాను.

వారం తిరగకుండానే నీలం చేప రెక్కల మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు లేచాయి. రెండు రోజుల్లో మిగతావాటికీ పాకాయి. చేపలు రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి, తిండి ముట్టడం లేదు. అత్తమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, రెండు చేతులూ జోడించింది.

"అయ్యో, అమ్మవారు పోసిందే పిల్లా! సూడు, మనుషులకు పోసినట్టే పోసింది."

"అమ్మవారు కాదు అత్తమ్మా, పురుగు. కంటికి కనిపియ్యని పురుగు," అని కసురుకున్నాను. మర్నాడు పొద్దున్నే మందు కోసం హైదరాబాదు బస్సెక్కాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి తొట్టిలో నీళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. పైన వేపమండలు తేలుతున్నాయి. రాలిన ఆకులు పోయి నీళ్ళు తిప్పే మోటరుకు అడ్డం పడి అది ఆగిపోయింది. పగడాలన్నీ మూసుకుపోయాయి. రొయ్య వెల్లకిలా పడి ఉంది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అత్తమ్మ పసుపు చేతులతో పక్కనే నిలబడి ఉంది.

నాకు ఒళ్ళు తెలియలేదు. "సంపినవ్ అత్తమ్మా! నా సముద్రాన్నంతా సంపినవ్!" అని అరిచాను. మా వీధి వీధంతా విన్నది.

"ఒళ్ళు మండుతుంటే సల్లబడ్తయని ఏసిన బిడ్డా," అంది ఆమె. అంతే. చేతులు కడుక్కుని లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు.

తెచ్చిన మందు వేసినా నాలుగు రోజుల్లో చేపలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. అన్నిటికంటే ముందు పోయింది నీలం చేప. మిగిలింది పట్టీల చేప. అడిగినవాళ్ళందరికీ నేను ఒకే మాట చెప్పాను, మా అత్తమ్మ వేపాకు వేసి చంపిందని. ఆ మాట కొల్లాపూర్ దాకా పోయింది. ఒకరోజు మగ్గం గుంతలో కూర్చునే మా ఆయన తల ఎత్తకుండా అన్నాడు.

"వేపాకు ఏయకముందే చుక్కలొచ్చినయ్ గదనే. ఆ నీలం చేపను తెచ్చిందెవరు?"

ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. నిజం చెప్పినవాళ్ళ మీద నాకు వచ్చేంత కోపం అబద్ధం చెప్పినవాళ్ళ మీద రాదు.

ఫోనులో పరిచయమైన ఒకాయన విశాఖపట్నంలో ఇలాంటి తొట్లు పెంచుతాడు. ఆయన్ని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. ఈ పురుగు చేప ఒంటి మీద తిని, బలిసి, కింద రాలుతుంది. రాళ్ళకు అతుక్కుని పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలకు చేప దొరక్కపోతే చస్తాయి. కాబట్టి పెద్ద తొట్టిని పదకొండు వారాలు ఒక్క చేప కూడా లేకుండా ఉంచాలి. పగడాలను ఆ పురుగు ముట్టదు. ఈలోపు మిగిలిన చేపను రెండు టబ్బుల మధ్య మూడు రోజులకోసారి మారుస్తూ పోవాలి. రాలిన పురుగులు పాత టబ్బులోనే ఉండిపోతాయి. ఆ టబ్బును కడిగి ఎండలో ఎండబెడితే చస్తాయి. నాలుగు మార్పులకు చేప శుభ్రపడుతుంది, ఆ తర్వాత గడువు తీరేదాకా శుభ్రమైన టబ్బులో విడిగానే ఉండాలి. "కానీ అది ఇప్పటికే నీరసంగా ఉంది కదమ్మా, తట్టుకుంటుందో లేదో చెప్పలేను," అన్నాడు.

క్షమించమని అడగడం నాకు చేతకాదు. అందుకని పోయి అత్తమ్మ పక్కన కూర్చుని, ఆయన చెప్పిందంతా ఒక్క ముక్క పోకుండా ఆమెకు చెప్పాను. ఆమె కండె చుట్టడం ఆపి విన్నది.

"గిదేం కొత్త? కోడేరుల మా తమ్మునికి పోసినప్పుడు గట్లనే జేసిరి. వాన్ని ఒక్కన్నే అర్రల ఉంచిరి. వాని గిలాస వానిది, వాని బట్ట వానిది. బయటోల్లు లోపలికి రావొద్దు, లోపలోల్లు బయటికి పోవొద్దు. లెక్క ప్రకారం నీళ్ళు పోసేదాంక అంతే."

"గంతే అత్తమ్మా," అన్నాను.

"మరి గా ముక్క నాకు ముందే చెప్తే నేను ఆకెందుకు ఏస్త?"

పురుగు అని కసిరిందాన్ని నేనే కదా.

ఆ రోజు నుంచి పెత్తనం ఆమెదైంది. పెద్ద తొట్టికి వాడే మగ్గు టబ్బు దగ్గరికి రాకూడదు. టబ్బులో పెట్టిన చెయ్యి కడిగి, తుడిచి, ఆరబెట్టుకున్నాకే తొట్టి దగ్గరికి పోవాలి. ఒకసారి నేను తడి చేత్తో పోతుంటే, "ఆగు! మైల చెయ్యి!" అని కేకేసింది. మేడ మీద టబ్బు బోర్లిస్తే, పొద్దుగూకేదాకా మన ఎండకు మాడి గలగలలాడేది. గోడ మీది క్యాలెండరులో రోజుకొక కుంకుమ బొట్టు పెట్టేది. నేను అటు చేప లేని తొట్టికి నీళ్ళు మార్చి, పసుపు మరకలు పడ్డ రాళ్ళను బ్రష్షుతో తోమి, ఉప్పు కొలిచి, దాన్ని మళ్ళీ నిలబెట్టే పనిలో పడ్డాను. సగం పగడాలు పోయాయి. మిగిలిన సగం నెల దాటాక ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మొదటిది విచ్చుకున్నప్పుడు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

చేప మాత్రం మూడో మార్పు తర్వాత టబ్బు అడుగున ఒరిగి పడుకుంది. తినదు, కదలదు. నాలుగు రోజులు అట్లాగే ఉంది. అత్తమ్మ టబ్బు పక్కనే పీట వేసుకుని, పుల్ల చివర తిండి అద్ది దాని నోటి ముందు పెట్టి, గంటలు గంటలు కూర్చునేది. "తినవే బిడ్డా, జర తిను, నీకు దండం పెడ్త" అని బతిమాలేది. ఐదో రోజు అది ఒక్క ముక్క పట్టుకుని వెంటనే ఉమ్మేసింది. ఆరో రోజు మింగింది.

ఏడో వారంలో మా వదిన ఫోన్ చేసింది. బల్మూర్ నుంచి వాళ్ళ చుట్టాలొచ్చారట, నా తొట్టి చూడాలంటున్నారట, రేపే వస్తారట. చేపలు లేని తొట్టిని ఏం చూపించను? పట్టీల చేప బాగానే ఉంది, నెల రోజులుగా ఒంటి మీద ఒక్క చుక్క లేదు. ఒక్కరోజు పెద్ద తొట్టిలో వదిలి, వాళ్ళు పోయాక తీసేస్తే ఏమవుతుంది? వల పట్టుకుని టబ్బు ఉన్న గదికి పోయాను. అత్తమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"యాడికి?"

"ఒక్క దినమే అత్తమ్మా."

"ఒక్క దినం గాదు, ఒక్క గడియ గూడ కుదరదు. ముప్పై నాలుగు బొట్లు తక్కువున్నయ్. నన్ను దాటి పో, పోతే."

అత్తగారిని దాటి ఎట్లా పోను? వల మూలకు విసిరి కొట్టాను.

వాళ్ళొచ్చారు. ఒకాయన తొట్టిలోకి వంగి చూసి, "నీళ్ళకు లైట్లు పెట్టిండ్రా అమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. వదిన గొంతు తగ్గించింది గానీ, అత్తమ్మకు వినపడేంత తగ్గించింది. "మీ అత్త ఆకు ఏసి సంపిందంట గదా, పాపం." అత్తమ్మ చాయ్ గిలాసలు అందిస్తూనే ఉంది. నేను నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. ఊరంతా వినేట్టు అరవగలిగినదాన్ని, ఆ ఒక్క మాట అనలేకపోయాను. ఆ సిగ్గు నన్ను వాళ్ళు పోయాక కూడా వదల్లేదు.

మిగిలిన బొట్లు కూడా నిండాయి. నిండిన రోజు పొద్దున అత్తమ్మ తలస్నానం చేసి వచ్చింది. నేను టబ్బు నీళ్ళూ తొట్టి నీళ్ళూ ఉప్పు సరిపోయాయో లేదో రెండుసార్లు చూశాను. చేపను గిన్నెలోకి తీసి ఆమె చేతికిచ్చాను. గిన్నెను మెల్లగా వంచింది. చేప పోయి రాయి వెనక దాక్కుంది. ఎంతకీ బయటికి రాదు. మా ఆయన మగ్గం ఆపి వచ్చి నిలబడ్డాడు.

నేను ఫోన్ తీసి వదినకు వీడియో కాల్ చేశాను. అత్తమ్మ పక్కనే నిలబడి, గట్టిగానే చెప్పాను.

"వదినే, నీకు సూపియ్యాలని ఆ నీలం చేపను నేనే తెచ్చి తొట్టిల ఏసిన. రోగం దానితోనే వచ్చింది. నా చేపల్ని సంపింది నేను, మా అత్తమ్మ గాదు. గిదొక్కటి బతికిందంటే మా అత్తమ్మనే బతికిచ్చింది. నువ్వు ఎవ్వరెవ్వరికి చెప్పినవో అందరికీ గీ ముచ్చట గూడ చెప్పు."

వదిన ఏదో అంటోంది. అత్తమ్మ నా వైపు చూడలేదు. కొంగుతో ఒకసారి ముక్కు తుడుచుకుని, పుల్ల చివర తిండి అద్ది నీళ్ళలో పెట్టింది.

"ఫోన్ అవతల పెట్టు పిల్లా," అంది. "అగో, తింటుంది సూడు."