గోల్ బజార్ కొట్టూ, నేను దిద్దని మాటా

మొన్న ఆదివారం మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, ఒక కాగితం పట్టుకుని తెలీబంధాలోని మా ఇంటికి వచ్చాడు. గోల్ బజార్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా నడిపిన స్టీలు సామాన్ల కొట్టు మూసేస్తున్నాడట. షట్టరు మీద అంటించడానికి హిందీలో నాలుగు ముక్కలు రాసుకొచ్చాడు, చూసిపెట్టమన్నాడు. ఆ కాగితం అందుకోవడానికి నేనెందుకు జంకానో చెప్పాలంటే, మేం వచ్చి స్థిరపడ్డ ఈ హిందీ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల దాకా వెనక్కి వెళ్లాలి.

ఈ వయసులో దాచుకుని ఏం చేసుకోను, అతనంటే నాకు మొదటినుంచీ అసూయే. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు పల్లెలే. నేను డిగ్రీ చదివి ఆఫీసులో హిందీ ఫైళ్లు రాసేవాణ్ణి, అతను పదో తరగతి గట్టెక్కలేదు. అయినా అత్తవారింట్లో మొదటి కాఫీ అతనికే వెళ్లేది. కొట్టులో కొన్న ప్రతి గిన్నె మీదా మిషనుతో పేరు వేసి ఇచ్చేవాడు, వేస్తూ వేస్తూ ఎవరి కూతురిని ఎక్కడిచ్చారో, ఎవరికి రేషను కార్డు రాలేదో అడిగేవాడు, అడిగి ఊరుకోకుండా మర్నాడు స్కూటరు మీద ఆ పనిమీద తిరిగేవాడు. చివరికి మా వార్డు పార్షద్ టికెట్టు, అదే కార్పొరేటరు టికెట్టు, చదువుకున్న నన్ను కాదని ఆ గిన్నెలవాడికిచ్చారు. దానికోసం నేనూ పార్టీ ఆఫీసు గుమ్మం తొక్కానని మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

మొదటి సభకు ముందు, తెలుగు అక్షరాల్లో రాసుకున్న తన హిందీ ప్రసంగం తెచ్చి దిద్దమన్నాడు. తప్పులన్నీ దిద్దాను, ఒక్క మాట మాత్రం కావాలనే వదిలేశాను. ‘మై ఉపన్యాస్ నహీ దూంగా, కామ్ కరూంగా’ అని రాశాడు, ఉపన్యాసాలివ్వను, పని చేస్తాను అని అతని ఉద్దేశం. మనకు ఉపన్యాసమంటే ప్రసంగం, హిందీవాళ్లకు నవల. జనం నవ్వుతుంటే చూడాలని వెనక వరసలో కూర్చున్నాను. నవ్వారు, పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. అతను ఒక్క క్షణం తెల్లబోయి, ఎవరో అసలు సంగతి చెవిలో చెప్పగానే వాళ్లకంటే గట్టిగా తనూ నవ్వాడు. అంతే, మర్నాటినుంచి వార్డందరికీ ‘ఉపన్యాస్ వాలే భైయా’, అంటే నవలలన్నయ్య, అయిపోయాడు, ఒకసారి కాదు, రెండుసార్లు గెలిచాడు. నేను తీసిన గోతిలో అతనికి నీళ్లు పడ్డాయి.

ఇప్పుడు మళ్లీ కాగితం ఇస్తూ, చెప్పులేసుకుంటూ, తేలిగ్గా ఒక్క మాటన్నాడు.

“ఈసారైనా గల్తీ ఉంటే దిద్దెయ్ అన్నయ్యా.”

ఈసారైనా! అతను వెళ్లాక కాగితం మూడుసార్లు చదివాను. ఒక్క తప్పు లేదు.

షట్టరు దించిన రోజు బజారు బజారంతా వచ్చింది; పాత వార్డు ఆడవాళ్లు కొందరు పేర్లు అరిగిపోయిన గిన్నెలు పట్టుకొచ్చి, ఆఖరిసారి మళ్లీ వేయించుకున్నారు. నేను రిటైరైన రోజు ఒక శాలువా కప్పి, భోజనాల వేళకి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇప్పుడు మా ఇంట్లో కొత్త గిన్నెలు మాల్ నుంచి వస్తున్నాయి, వాటి మీద ఎవరి పేరూ ఉండదు; ఇప్పటి పార్షద్‌ని ఫ్లెక్సీల మీద తప్ప నేను చూడలేదు. కొట్టు పోయింది, పదవి ఎప్పుడో పోయింది, ఇక అతన్ని చూసి ఏడవడానికి ఏముందనుకున్నాను. ఉంది. ఆ మాట నేను కావాలనే దిద్దలేదని తెలిసి కూడా, ఇరవై ఏళ్లపాటు పండక్కీ పబ్బానికీ నా పక్కనే కూర్చుని అన్నం తిన్నాడే, ఆ మనసు నాకెందుకు లేదా అని ఇప్పుడు అసూయగా ఉంది.